దశబంధము : చెరువు గట్టు మీది పాత ఒప్పందము

శతాబ్ది సంచికలో చెరువుల ప్రస్తావన యేమిటని చదువరులలో కొందరికి తోచవచ్చును. చెరువు నిండిన యేట కానుక పళ్లెము ఒక తీరు, ఎండిన యేట మరియొక తీరు. ఇది కొడకండ్ల ప్రాంతమునకు క్రొత్తగా చెప్పనక్కరలేదు.

ప్రభుత్వమును ప్రైవేటువారును కలిసి అభివృద్ధి పనులు చేయుటను గూర్చి నేడు విమానాశ్రయములు, మెట్రో రైళ్ల సందర్భమున ఎక్కువగా వినుచున్నాము. ఇది దిగుమతి సరుకని మేము తలంపము. కాకతీయుల నాడే మన సీమలో దశబంధము ఉండెను. కలిగినవాడు సొంత ఖర్చుతో చెరువు కట్టించిన, లేక తెగిన గట్టు పోయించిన, దాని క్రింద సాగగు భూమిలో పదియవ వంతు పన్నులేని మాన్యముగా అతనికి దక్కెడిది. రాజు బొక్కసము నుండి రూక కదలదు. మిగిలిన తొమ్మిది వంతుల మీద పన్ను మాత్రము వచ్చును. గండి పడిన యెడల రైతు మడితో పాటు మాన్యపు మడియు ఎండును. ఆ ఒప్పందమునకు ప్రాణము ఇదియే. పెద్ద చెరువులు మాత్రము రాచవారి పని. మహబూబాబాదు జిల్లా బయ్యారము చెరువును గణపతిదేవుని సోదరి మైలాంబ కట్టించెను. (తట్టలతో మట్టి మోసినవారి పేర్లు ఏ శాసనమునకును ఎక్కలేదు.)

1955లో తెలంగాణ ప్రాంతమునకు ఇనాముల రద్దు చట్టము వచ్చెను. మాన్యముల చాటున పెరిగిన పెత్తనమును ఎరిగినవారు దానిని తప్పు పట్టరు. అయితే గట్టు బాధ్యత సర్కారు శాఖలదైనది. బోర్లు వచ్చిన పిమ్మట ఊరు చెరువును మరచినది. 1997 చట్టముతో ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘములు ఆ లోటును పూర్తిగా తీర్చలేదు.

2015 మార్చి 12న సదాశివనగర్‌లో మిషన్ కాకతీయ పనులు ఆరంభమైనవి. లక్ష్యము 46,531 చెరువులు. పూడిక త్రవ్వించు ఖర్చు ప్రభుత్వానిది, ఆ మట్టిని పొలమునకు తోలుకొను ట్రాక్టరు కిరాయి రైతుది. చేనికి సారము, చెరువుకు లోతు! పాత తెలివి ఇక్కడ మరల కనబడినది. కాని దశబంధదారునికి ఏటేట పదియవ వంతు ఉండెను. మట్టి తోలిన రైతు వంతు ఒక్క వేసవితో తీరిపోయినది. తరువాత తూము షట్టరు తుప్పు పట్టిన, గట్టున తుమ్మలు మొలచిన, ఎవరు పలుకవలెను?

108 అంబులెన్సుల సంగతి చూడుడి. 2005 ఆగస్టు 15న సత్యం రామలింగరాజు చొరవతో, ప్రభుత్వ ఒప్పందముతో మొదలైనవి. 2009 జనవరిలో సత్యం కూలెను. అయినను బండ్లు ఆగలేదు. ఏలయనగా అప్పటికే నడుపు ఖర్చులో అధిక భాగము ప్రభుత్వము మోయుచుండెను, నిర్వహణను జి.వి.కె. వారు అందుకొనిరి. ప్రారంభించినవాడు పోయినను, ఏటేటి ఖర్చు ఎవరిదో ఒప్పందములో తేలియుండినది.

రాష్ట్రములోని మొదటి రైతు వేదిక 2020 అక్టోబరు 31న కొడకండ్లలోనే ప్రారంభమైనది. అక్కడ విత్తనముల మాటతో పాటు నీరటివాని జీతము మాటయు రావలెను: ఎకరమునకు రైతు ఎంత, పంచాయతీ ఎంత, సర్కారు ఎంత అని.