దాదాజాన్ చాకు

దాదాజాన్ షేర్వాణీ జేబులో మూడు వస్తువులు ఎప్పుడూ ఉండేవి: తస్బీహ్, రుమాలు, ఒక మడత చాకు. మామిడికాయ కోసినా, మా ఉర్దూ మీడియం స్కూలుకు రెల్లు ఖలమ్ చెక్కినా ఆ చాకే. రామ్‌పూర్ నుంచి ఎవరో దోస్త్ తెచ్చిచ్చాడట. తెరిస్తే ‘ఖట్’మని చప్పుడయ్యేది. ఆ చప్పుడు వినగానే మేం తఖ్తీలు పట్టుకుని ఆయన చుట్టూ చేరేవాళ్ళం.

ఒక కర్ఫ్యూ రాత్రి, మొహల్లాలో ఇళ్ళు సోదా చేస్తున్నారని ఖబర్ వచ్చింది. అబ్బా ఆ చాకును గుడ్డలో చుట్టి బావిలో వేసేశారు. దాదాజాన్ ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఆయన మాకు ఖలమ్ చెక్కిందీ లేదు.

మొన్న మా బిటియా ఖత్తాతీ నేర్చుకుంటానంది. ఖలమ్ చెక్కడానికీ, పండు కోసుకోవడానికీ, రోజూ జేబులో ఉంచుకోవడానికీ ఒక చాకు చేయించుకుందామనుకున్నాను. రామ్‌పూర్ కారీగర్‌కు ఆర్డర్ ఇచ్చే ముందు ఆ ఊరి తారీఖ్ కాస్త తిరగేశాను.

రామ్‌పూర్ రోహిల్లా పఠాన్ల రియాసత్. 1774లో నవాబ్ ఫైజుల్లా ఖాన్ దాన్ని నిలబెట్టారు. ఆయన మొదలుపెట్టిన కితాబ్‌ఖానాయే ఈనాటి రజా లైబ్రరీ. అరబీ, ఫార్సీ చేతిరాత కితాబులకూ, ఖత్తాతీ నమూనాలకూ అది ఖజానా. ఖత్తాత్‌కు ఖలమ్ ఎంత ముఖ్యమో దాన్ని చెక్కే ఖలమ్‌తరాష్ అంత ముఖ్యం. మొన ఏటవాలుగా, ఒక్క వేటుకు తెగాలి. అది సరిగా తెగకపోతే అలిఫ్ కూడా నిలబడదు. అంటే చాకు మొదటి నుంచీ చదువుకున్నవాళ్ళ చేతి సామాను కూడా.

1857 తర్వాత ఇంగ్లీషువాళ్ళకు మన చేతుల్లో హథియార్ అంటే భయం పట్టుకుంది. 1878 ఆయుధ చట్టం హిందుస్తానీలకు లైసెన్సు తప్పనిసరి చేసింది. తల్వార్లు చేసిన చేతుల హునరే చాకుల్లోకి దిగిందని రామ్‌పూర్‌లో చెప్పుకుంటారు. ఇత్తడి పిడి, కొమ్ము పిడి, చప్పుడుతో తెరుచుకునే ఖట్కా. ఇవే రామ్‌పూరీకి పేరు తెచ్చాయి.

ఆ పేరును బద్‌నామ్ చేసింది సినిమా. 1965లో వచ్చిన ‘వక్త్’లో రాజ్‌కుమార్, చాకు ఉన్న సీన్ ఇప్పటికీ జనానికి గుర్తే. ఆ తర్వాతి హిందీ సినిమాల్లో గూండా జేబులో రామ్‌పూరీ ఉండాల్సిందే. తెలుగు తెర మీద కూడా గళ్ళ లుంగీ, మెడలో రుమాలు, చేతిలో చాకు కలిస్తే రౌడీ తయార్. ఆ వేషం ఏ మొహల్లాదో విడిగా చెప్పనక్కర్లేకుండా పోయింది.

కానూన్ సంగతీ చూశాను. ఆయుధ నిబంధనల ప్రకారం అలగు 9 అంగుళాల కన్నా పొడవు, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉన్న చాకులు ఆయుధాల లెక్కలోకి వస్తాయి. ఇంటికీ వ్యవసాయానికీ వాడేవి వేరు. 1990లలో ఉత్తరప్రదేశ్ సర్కార్ నాలుగున్నర అంగుళాలు దాటిన రామ్‌పూరీల మీద బందిష్ పెట్టింది. ఒకపక్క ఆ బందిష్, ఇంకోపక్క చౌక మాల్. కార్ఖానాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 2023 మార్చిలో మాత్రం అదే రామ్‌పూర్‌లో 20 అడుగుల చాకును చౌరస్తాలో నిలబెట్టారు. చాకుకు విగ్రహం దొరికింది. కారీగర్‌కు పని దొరకాలి కదా!

వింత ఏమిటంటే, తెలుగులో ఈ మాటకు మైల అంటలేదు. ‘చాకు’ తుర్కీ, ఫార్సీల మీదుగా ఉర్దూలోకి, అక్కడి నుంచి తెలుగులోకి వచ్చిన మాట. జేబు, రుమాలు కూడా అలా వచ్చినవే. తెలివైన పిల్లాణ్ణి చూసి తెలుగు తల్లి ‘చాకులాంటి కుర్రాడు’ అని మురిసిపోతుంది. మాట తారీఫ్ అయింది, వస్తువు ఇల్జామ్ అయింది.

మనం ఇచ్చింది కూడా తక్కువేం కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో తీసిన ఉక్కు ఇరాన్ దాకా వెళ్ళేది. వాయ్‌సీ అనే ఇంగ్లీషు భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ పనిని కళ్ళారా చూసి రాశాడు. అది 1832లో అచ్చయింది. ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక సౌదాగర్‌ను ఆయన అక్కడ కలిశాడు. మాట అటు నుంచి వచ్చింది, ఫౌలాద్ ఇటు నుంచి వెళ్ళింది.

ఇక నా చాకు. అలగు మూడంగుళాలు, సన్నగా, తిన్నగా. ఖలమ్‌కు పైకి లేచిన మొన అక్కర్లేదు. స్టెయిన్‌లెస్ వద్దని కార్బన్ స్టీలే అడిగాను. పులుపు తగిలితే మచ్చ పడుతుంది, తుడిచి నూనె రాయాలి. కానీ ఇంట్లో రాయి మీద సులువుగా పదునెక్కుతుంది. పిడి శీషమ్ కర్ర. ఇత్తడి బరువు, చెమటకు వాసన వేస్తుంది. ఖట్కా మాత్రం వద్దంది మా బేగం. ‘బస్సులో ఆ చప్పుడైతే అందరూ మీ గడ్డం వైపు చూస్తారు’ అంది. కానూన్ అంగుళాలు కొలుస్తుంది. సోదా చేసేవాడు ముందు పేరు అడుగుతాడు.

చివర్లో కారీగర్ ఫోన్‌లో అడిగాడు: ‘జనాబ్, పిడి మీద నామ్ ఏం చెక్కమంటారు?’

కాసేపు జవాబు రాలేదు. తర్వాత దాదాజాన్ పేరు చెప్పాను. చాకు వచ్చాక బిటియా ఖలమ్‌దాన్‌లో పెడతాను. జేబులో పెట్టుకునే హిమ్మత్ నాకింకా రాలేదు.