యూసీఎల్ఏ 2006: సీట్ల లెక్క, టేసర్ వివాదం

లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (యూసీఎల్ఏ) 2006లో రెండుసార్లు అమెరికా పత్రికల మొదటి పేజీలకెక్కింది. మొదటిసారి జూన్‌లో. ఆ ఏడాది డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరబోయే దాదాపు 4,800 మందిలో నల్లజాతి విద్యార్థులు 96 మందేనని తేలింది. రెండోసారి నవంబరులో. లైబ్రరీలో గుర్తింపు కార్డు చూపని ఒక విద్యార్థిపై క్యాంపస్ పోలీసులు టేసర్ ప్రయోగించారు. ఒకటి మరొకదానికి కారణం కాదు. కానీ ప్రభుత్వ సంస్థ మనిషి జాతిని ఎక్కడ లెక్కలోకి తీసుకోవచ్చు, ఎక్కడ తీసుకోకూడదన్న తగాదా రెండింటి వెనకా ఉంది.

సీట్ల సంగతి 1996 నవంబరు నుంచి మొదలుపెట్టాలి. ఆ నెలలో కాలిఫోర్నియా ఓటర్లు 209వ ప్రతిపాదనను దాదాపు 55 శాతం ఓట్లతో ఆమోదించారు. ప్రభుత్వ ఉద్యోగాలు, ప్రభుత్వ విద్య, ప్రభుత్వ కాంట్రాక్టుల్లో జాతి, లింగం ఆధారంగా ఎవరికీ ప్రాధాన్యం ఇవ్వకూడదన్నది దాని సారం. ప్రచారానికి ముందు నిలిచిన వార్డ్ కానర్లీ విశ్వవిద్యాలయ పాలకమండలి సభ్యుడు, స్వయంగా నల్లజాతీయుడు. 1998 ప్రవేశాల నుంచి నిషేధం అమల్లోకి వచ్చింది. పోటీ ఎక్కువగా ఉండే బర్క్‌లీ, లాస్ ఏంజెలిస్ క్యాంపస్‌లలో నల్లజాతి, లాటినో విద్యార్థుల ప్రవేశాలు ఒక్కసారిగా పడిపోయాయి.

ఇక్కడ మన పాఠకులు తరచూ పొరబడే విషయం ఒకటుంది. 209 రద్దు చేసింది రిజర్వేషన్లను కాదు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో జాతి ఆధారంగా సీట్లు కేటాయించే పద్ధతి 1978లోనే పోయింది. డేవిస్ వైద్య కళాశాల 100 సీట్లలో 16 అల్పసంఖ్యాక వర్గాలకు ఉంచితే, బాకీ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. దరఖాస్తును తూచేటప్పుడు జాతిని అనేక అంశాల్లో ఒకటిగా చూడటానికి మాత్రం అనుమతించింది. కాలిఫోర్నియాలో 209 తుడిచిపెట్టింది ఆ మిగిలిన వెసులుబాటును. భారతదేశంలో కేంద్ర విద్యాసంస్థల్లో ఓబీసీలకు 27 శాతం కోటాపై ఆందోళనలు చెలరేగిందీ, చట్టం వచ్చిందీ అదే 2006లో. ఆ చట్టాన్ని 2008 ఏప్రిల్ 10న అశోక కుమార్ ఠాకూర్ కేసులో సమర్థిస్తూ, అమెరికా కోర్టుల కొలబద్దలు ఇక్కడ వర్తించవని మన సుప్రీంకోర్టు చెప్పింది.

96 అన్న అంకె అంతగా కుదిపేయడానికి కారణం చుట్టూ ఉన్న ఊరు. లాస్ ఏంజెలిస్ కౌంటీ జనాభాలో నల్లజాతీయులు పది శాతానికి దగ్గరగా ఉంటే, ఆ తరగతిలో రెండు శాతం. ఆ 96 మందిలోనూ 20 మంది క్రీడా జట్ల కోసం ఎంపికైనవారు. విద్యార్థులు నిరసనకు దిగారు. అధ్యాపకులు ఎంపిక పద్ధతిని మార్చారు. అప్పటిదాకా మార్కులను ఒకరు, జీవిత పరిస్థితులను మరొకరు విడివిడిగా చూసేవారు. ఇకపై ఒకే పరీక్షకుడు దరఖాస్తు మొత్తాన్ని కలిపి చదువుతాడు. విశ్వవిద్యాలయం జాతి పేరుతో ఉపకార వేతనం ఇవ్వలేదు కనుక పూర్వ విద్యార్థులు, స్థానికులు బయట నిధులు సమకూర్చారు. మరుసటి ఏడాది చేరిన నల్లజాతి విద్యార్థుల సంఖ్య రెట్టింపు దాటింది. ఇది దొడ్డిదారిన జాతిని చూడటమేనన్న ఆరోపణ వెంటనే వచ్చింది. 2008లో ప్రవేశాల కమిటీ సభ్యుడైన రాజనీతిశాస్త్ర ఆచార్యుడు టిమ్ గ్రోస్‌క్లోజ్ ఆ ఆరోపణతోనే కమిటీకి రాజీనామా చేశారు.

2006 నవంబరు 7న మిషిగన్ ఓటర్లు కూడా 209 తరహా నిషేధాన్ని ఆమోదించారు. సరిగ్గా వారానికి, నవంబరు 14 రాత్రి, పావెల్ లైబ్రరీ కంప్యూటర్ గదిలో టేసర్ ఘటన జరిగింది. రాత్రి 11 దాటితే అక్కడ విద్యార్థులే ఉండాలి, కార్డు అడిగితే చూపాలి. ఇరాన్ మూలాలున్న అమెరికన్ విద్యార్థి ఒకరు, తన రూపురేఖలు చూసే అడుగుతున్నారన్న అనుమానంతో చూపలేదు. పోలీసులు వచ్చేసరికి ఆయన బయటకు వెళ్లబోతున్నారు. చెయ్యి పట్టుకున్నారు. ఆయన ఒళ్లు వదిలేసి కూలబడ్డారు. లేచి నిలబడమంటూ పదేపదే టేసర్ తగిలించారు. చుట్టూ ఉన్న విద్యార్థులు పోలీసుల బ్యాడ్జి నంబర్లు అడుగుతున్నారు. ఒకరు సెల్‌ఫోన్‌లో తీసిన ఆరు నిమిషాల వీడియో దేశమంతా చూసింది.

టేసర్‌ను రెండు రకాలుగా వాడతారు. దూరం నుంచి కాలిస్తే తీగలకు కట్టిన రెండు ముళ్లు ఒంట్లో దిగి, విద్యుత్తు కండరాలను బిగించేస్తుంది. మనిషి కదలలేడు. కత్తితో మీదికొచ్చేవాణ్ని తుపాకీతో కాల్చకుండా ఆపడానికి ఇది పనికొస్తుందన్నదే దాన్ని సమర్థించేవారి వాదన. రెండోది ‘డ్రైవ్ స్టన్’. పరికరాన్ని నేరుగా ఒంటికి ఆనించి నొక్కడం. ఇందులో కండరాలు స్తంభించవు, నొప్పి మాత్రమే పుడుతుంది. నొప్పికి తాళలేక చెప్పినట్టు వింటాడన్నదే లెక్క. లైబ్రరీలో వాడింది రెండోది. అవతలివాడు కొట్టడం లేదు, పారిపోవడం లేదు, నేలమీద ఉన్నాడు.

క్యాంపస్ పోలీసుల అంతర్గత విచారణ తమవారి తప్పు లేదంది. విశ్వవిద్యాలయమే నియమించిన స్వతంత్ర పరిశీలకుడు మెరిక్ బాబ్ 2007లో ఇచ్చిన నివేదిక అందుకు విరుద్ధంగా తేల్చింది. ఆ ప్రయోగం పోలీసుల సొంత నిబంధనలనే ఉల్లంఘించిందనీ, ఆ నిబంధనలు కూడా ఇతర పోలీసు శాఖలతో పోలిస్తే మరీ వదులుగా ఉన్నాయనీ చెప్పింది. తర్వాత నిబంధనలు బిగించారు. విద్యార్థి వేసిన దావా 2009లో 2,20,000 డాలర్లతో రాజీ అయింది.

అదే కాలంలో కాలిఫోర్నియా మీద అధికారమున్న తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ముందుకు బ్రయాన్ కేసు వచ్చింది. సీటు బెల్టు పెట్టుకోనందుకు ఆపిన నిరాయుధ డ్రైవరుపై టేసర్ పేల్చడం మితిమీరిన బలప్రయోగమని కోర్టు అంది. కానీ ఘటన నాటికి చట్టం అంత స్పష్టంగా లేదంటూ ఆ పోలీసుకు దావా నుంచి రక్షణ ఇచ్చింది. బాధితుడికి ఇలాంటి గెలుపు ఏమాత్రం ఊరటో ఊహించుకోవచ్చు. టేసర్ ప్రయోగం తర్వాత అమెరికాలో 2001 నుంచి కనీసం 500 మంది మరణించారని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2012లో లెక్కగట్టింది. అయితే వాటిలో చాలావాటికి టేసరే కారణమని తేలలేదు.

209ని తొలగించే ప్రయత్నం 2020లో 57 శాతం వ్యతిరేక ఓట్లతో వీగిపోయింది. 2023 జూన్ 29న హార్వర్డ్, నార్త్ కరోలినా కేసుల్లో సుప్రీంకోర్టు దాదాపు అదే నియమాన్ని దేశమంతటికీ వర్తింపజేసింది. హార్వర్డ్‌లో ఆసియా మూలాల విద్యార్థులకు అన్యాయం జరుగుతోందన్నది ఫిర్యాదు. దానిపై అక్కడి భారతీయ కుటుంబాల్లోనూ ఏకాభిప్రాయం లేదు.

209 పరిధిలోకి పోలీసు తనిఖీలు రావు. వాటికోసం కాలిఫోర్నియా 2015లో వేరే చట్టం చేసింది. దాని ప్రకారం పోలీసులు ఎవరినైనా ఆపిన ప్రతిసారీ, ఆ వ్యక్తి ఏ జాతివాడిగా తమకు కనిపించాడో రాసి ప్రభుత్వానికి పంపాలి. యూసీఎల్ఏ ప్రవేశాల గదిలో చూడకూడని గడిని, అదే క్యాంపస్ పోలీసు ఇప్పుడు తప్పనిసరిగా నింపాలి.