కాళింది మొదలు దేవదేవి వరకు

తెలుగు చలనచిత్ర చరిత్రలో చిన్న వయస్సున తెరపై కనిపించి పేరు తెచ్చుకొన్నవారు పలువురు కలరు. యౌవనము వచ్చిన పిమ్మట ఆ పేరును నిలుపుకొన్నవారు కొందఱే. నిలుపుకొనుటయే గాక, చిత్రనిర్మాణమును దర్శకత్వమును గూడ చేపట్టి, తాము ధరించు పాత్ర ఎట్లుండవలెనో తామే శాసించిన నటీమణి యెవరని యడిగినచో మొదట స్ఫురించు పేరు శ్రీమతి పాలువాయి భానుమతీ రామకృష్ణ. ఆమె చిత్రములలో ఏది ఉత్తమమను వాదము మన యిండ్లలో ఎన్నడును తెగునది కాదు. పెద్దలు 'స్వర్గసీమ' యందురు. తరువాతివారు 'మల్లీశ్వరి' యందురు. ఆ వాదమును తీర్చుట కంటె, ఆ చిత్రములు ఒకదాని వెంట నొకటి ఎట్లు వచ్చినవో చూచుట మేలు.

1925వ సంవత్సరము సెప్టెంబరు 7వ తేదీన ఒంగోలు ప్రాంతమున దొడ్డవరములో ఆమె జన్మించెను. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు సంగీతాభిమానులు. కుమార్తెకు తొలి గురువు వారే. చిత్తజల్లు పుల్లయ్యగారు కాళ్ళకూరి నారాయణరావుగారి 'వరవిక్రయము' నాటకమును చిత్రముగా తీయబూనినపుడు కాళింది పాత్రకు ఈ బాలికను ఎన్నుకొనిరి. అప్పటికి ఆమెకు పదుమూడేండ్ల ప్రాయము. చిత్రము 1939లో విడుదలయ్యెను. కట్నము పోసి వరుని కొనవలసి వచ్చిన తండ్రి దుఃఖమును చూడజాలక ప్రాణము తీసికొనిన పిల్ల కాళింది. చెల్లెలు కమలగా పుష్పవల్లి నటించెను. కమల వాదన సభలో నవ్వు పుట్టించును. కాళింది మౌనము ఆ నవ్వు వెనుక బరువై నిలుచును. ఈ నాటకమును చిన్ననాట చదివినవారు, చూచినవారు మనలో ఎందఱో యుందురు. 1961లో ఈ ఢిల్లీ నగరముననే పార్లమెంటు ఉభయసభలు చరిత్రలో మొదటిసారిగా సంయుక్తముగా సమావేశమైనది వరకట్న నిషేధ బిల్లు కొఱకే. ఆ చట్టమునకు ఇరువది రెండేండ్లకు ముందే ఒక తెలుగు బాలిక ఆ బాధను వెండితెరపై చూపియుండెను. చట్టము వచ్చినంత మాత్రమున కట్నము పోలేదన్నది వేఱుగా చెప్పవలసిన పని లేదు.

తరువాత 'మాలతీమాధవము', 'ధర్మపత్ని', 'భక్తిమాల' వచ్చినవి. వీనిని గూర్చి విస్తరింపను. 1941 నాటి 'ధర్మపత్ని'లో ఒక చిన్న వేషమున తెరకు పరిచయమైన పల్లెటూరి కుఱ్ఱవాడు అక్కినేని నాగేశ్వరరావు అన్న సంగతి మాత్రము మఱువరాదు. పదుమూడేండ్లకు ఆ యిరువురే విప్రనారాయణుడును దేవదేవియు కానుండిరి.

కుమార్తెను చిత్రరంగమునకు పంపునపుడు వెంకటసుబ్బయ్యగారు పెట్టిన నిబంధన ప్రసిద్ధము: నాయకపాత్రధారి ఆమెను తాకరాదు. నేటివారికి ఇది వింతగా తోచవచ్చును. అయినను ఈ నిబంధన వలన ఒక మేలు కలిగినదని నా నమ్మకము. ప్రణయమును కనుబొమ్మతోను, కంఠముతోను, మాట విఱుపుతోను మాత్రమే తెలుపవలసి వచ్చిన నటి ఆ మూడింటిని పదును పెట్టుకొనక తప్పదు. పైగా ఆమె పాటలు ఆమెయే పాడుకొనెడిది. పాటకును మాటకును నడుమ అతుకు కనిపింపదు.

1943లో 'కృష్ణప్రేమ' చిత్రనిర్మాణ కాలమున సహాయ దర్శకులైన శ్రీ రామకృష్ణగారితో పరిచయమై, ఆ యేడే వివాహమయ్యెను. ఇక నటింపరాదని ఆమె తలంచెను. శ్రీ బి.ఎన్. రెడ్డిగారు పట్టుపట్టి 'స్వర్గసీమ'కు ఒప్పింపకున్నచో, మన కథ ఇచ్చటనే ముగిసియుండెడిది. 1945లో విడుదలయైన ఆ చిత్రమున వీధిలో ఆడిపాడు సుబ్బి రంగస్థల తార సుజాతాదేవిగా మాఱి, నాగయ్యగారు ధరించిన మూర్తి సంసారమును కూల్చును. అంతవఱకు సాధుపాత్రలలో చూచిన పిల్ల ఇట్టి వలపన్ను స్త్రీగా కనిపించుట ప్రేక్షకులకు అబ్బురమైనది. సుబ్బి నడకకును సుజాత నడకకును ఉన్న భేదమును చూడుడు. బాలనటి యౌవననటి యైనది ఆ రెండు నడకల నడుమనే.

ఆ పిమ్మట దంపతులు కుమారుని పేర భరణీ సంస్థను నెలకొల్పి 1948లో 'రత్నమాల'ను, 1949లో 'లైలా మజ్నూ'ను తీసిరి. ఆనాటి మదరాసులో ఒక నటి స్వంత చిత్రసంస్థకు, స్వంత స్టూడియోకు అధినేత్రి యగుట సామాన్యము కాదు. 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళము, హిందీ భాషలలో తీసి, దర్శకత్వము వహించి, కవలలుగా ద్విపాత్రాభినయము గూడ ఆమెయే చేసెను. తెలుగు చిత్రమునకు దర్శకత్వము వహించిన మొదటి మహిళ ఆమెయే. కథాసౌష్ఠవమున 'చండీరాణి' ఆమె చిత్రములలో మొదటి వరుసకు చెందినది కాదు. అయినను చరిత్ర వ్రాయువాడు దానిని దాటిపోజాలడు.

'మల్లీశ్వరి' 1951 డిసెంబరులో వచ్చినది. బుచ్చిబాబుగారి 'రాయలవారి కరుణకృత్యము' అను నాటికయు, ఒక ఆంగ్ల వారపత్రికలో వచ్చిన కథయు బి.ఎన్. రెడ్డిగారి మనస్సున కలసి ఈ చిత్రమైనవి. కృష్ణశాస్త్రిగారు మాటలు, పాటలు వ్రాసిరి; సాలూరి రాజేశ్వరరావుగారు స్వరపఱచిరి. నాగరాజుగా ఎన్.టి. రామారావుగారు నటించిరి. మల్లిని రాణివాసమునకు తీసికొనిపోవు పల్లకి వచ్చిన ఘట్టమును తలచుకొనుడు. అది గౌరవమా, చెఱయా? తల్లికి గౌరవము, మల్లికి చెఱ. ఆ రెంటిని ఒక్క ముఖముననే ప్రేక్షకుడు చదువవలెను. 1953లో ఈ చిత్రము చైనాలో గూడ ప్రదర్శింపబడినది.

ఇంతకు మించిన చిత్రము వేఱొకటి కలదా? కలదనియే నేననుకొందును. 1954లో రామకృష్ణగారి దర్శకత్వమున వచ్చిన 'విప్రనారాయణ' అది. పరమభక్తుని వ్రతము చెఱుపబూని వచ్చిన దేవదేవి క్రమముగా తన పంతమునకు తానే లోబడును. మల్లీశ్వరి యెడల జాలి మొదటి నుండియు మన చేతిలో నుండును. దేవదేవి మన జాలిని సంపాదించుకొనవలెను. ఆ సంపాదనలో భానుమతి చూపిన నిగ్రహము అసామాన్యము. ఆ సంవత్సరపు జాతీయ పురస్కారములలో దీనికి యోగ్యతాపత్రము లభించినది.

అభిమానధనము ఆమెకు నష్టము గూడ తెచ్చినది. 'మిస్సమ్మ' కొన్ని రీళ్ళు తీసిన తరువాత నిర్మాతతో మాట పట్టింపు వచ్చి ఆమె తప్పుకొనెను. ఆ పాత్ర సావిత్రిని చేరి, 1955లో ఆమెను ఏ యెత్తునకు చేర్చినదో అందఱికిని తెలియును. సావిత్రికి ఉద్దేశించిన వేషము జమునకు వచ్చెను. ఒక నటి పంతము మఱి యిరువురి అదృష్టమును మార్చినది! భానుమతి 'మిస్సమ్మ' ఎట్లుండెడిదో ఊహించి చూచుట నాకు నేటికిని ఒక వినోదము.

శరత్‌బాబు 'బడదీదీ' ఆధారముగా 1961లో తీసిన 'బాటసారి'లో వితంతువు మాధవిగా ఆమె మాటలు తక్కువ, చూపులు ఎక్కువ. ఓపికతో చూడవలసిన చిత్రమది, తొందరపడువారికి రుచింపదు. 1966లో పద్మశ్రీ, తరువాత పద్మభూషణ్ లభించినవి. నడుమ 'అత్తగారి కథలు' వ్రాసి, చిత్రములు చూడనివారికి గూడ ఆప్తురాలైనది. 2005 డిసెంబరు 24వ తేదీన చెన్నైలో పరమపదించెను.

పిల్లలకు భానుమతిని పరిచయము చేయదలచువారు 1984 నాటి 'మంగమ్మగారి మనవడు'తో ఆరంభింపవచ్చును. నాగరాజుగా నటించిన రామారావుగారి కుమారుడు బాలకృష్ణ అందులో మనవడు. మల్లి అతనికి అమ్మమ్మయో నాయనమ్మయో యని పిల్లలు తప్పక అడుగుదురు. సమాధానముగా 'మల్లీశ్వరి'ని చూపుడు.