తెర ముందు పిల్లాడి పక్కన ఎవరు?

అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు పడమటగా, డల్లెస్ విమానాశ్రయం పక్కనే ఉన్న హెర్న్‌డన్ ఒకప్పుడు పాల ఊరు. చుట్టుపక్కల డెయిరీల పాలు ఇక్కడ రైలెక్కి రాజధానికి పోయేవి. 1962లో విమానాశ్రయం వచ్చాక పశువుల బీళ్లు మెల్లగా ఆఫీసు భవనాలయ్యాయి. 1990లలో డాట్‌కామ్ పేర్లు నమోదు చేసే నెట్‌వర్క్ సొల్యూషన్స్ ఇక్కడి నుంచే పనిచేసింది. ఈ ఊరి నుంచి బయటికి వెళ్లిన మరో సరుకు గురించి తెలుగువాళ్లలో పెద్దగా ఎవరూ మాట్లాడరు. అది బడి. ఆన్‌లైన్ బడులు నడిపే కె12 అనే కంపెనీ 2007లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్‌చేంజికి ఎక్కేనాటికి దాని ప్రధాన కార్యాలయం హెర్న్‌డన్‌లో ఉంది. ఇంటింటికీ కంప్యూటర్ చదువు అన్న ఆలోచన వ్యాపారంగా ఎలా ఎదిగిందో, ఎక్కడ తడబడిందో తెలుసుకోవాలంటే ఈ కంపెనీ చరిత్ర చూస్తే చాలు.

దీన్ని 2000లో రోనాల్డ్ ప్యాకర్డ్ స్థాపించాడు. అధ్యక్షుడు రీగన్ హయాంలో విద్యామంత్రిగా చేసిన విలియం బెనెట్ తోడయ్యాడు. కంప్యూటర్ల వల్ల చదువు బాగుపడుతుందనడానికి గట్టి ఆధారం లేదని అంతకు ఏడాది ముందే తన పుస్తకంలో రాసిన మనిషి ఆయనే. మొదటి ఏళ్లలో కంపెనీ పద్ధతి నిజానికి ఇంటి చదువు పద్ధతే. చిన్న తరగతుల పిల్లలకు పుస్తకాలు, ప్రయోగాల సామాను పెట్టెల్లో ఇంటికొచ్చేవి, పాఠాల వరస తెర మీద ఉండేది, పక్కన అమ్మో నాన్నో కూర్చునేవారు. ఆ పెద్దమనిషికి కంపెనీ పెట్టిన పేరు ‘లెర్నింగ్ కోచ్’. పేరుకు కోచే, జీతం లేదు. ఇంట్లో ఒకరు ఉద్యోగం మానుకుని కూర్చోగలిగిన చోట ఈ ఏర్పాటు బాగానే నడిచింది. చిక్కు వచ్చిందల్లా దీన్ని హైస్కూలుకు పెంచి, లాభం కోసం వేల సంఖ్యలో పిల్లల్ని చేర్చుకున్నప్పుడే. పదహారేళ్ల పిల్లాడి పక్కన రోజంతా తల్లి కూర్చోదు, కూర్చున్నా వాడు ఊరుకోడు. నేను చెప్పదలచుకున్నది ఇదే: బడిని ఇంటికి పంపితే పాఠం ఒక్కటే వెళ్లదు, పిల్లల్ని ఆ పాఠం ముందు కూర్చోబెట్టే చాకిరీ కూడా వెళ్తుంది. దాని ఖర్చు మాత్రం ఎవరి పద్దులోనూ కనిపించదు.

పద్దుల మాట వచ్చింది కాబట్టి హెర్న్‌డన్ ఉన్న వర్జీనియా రాష్ట్రం సంగతి చూడాలి. హెర్న్‌డన్ ఉన్నది ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో, అమెరికాలోని సంపన్న కౌంటీల్లో అదొకటి. అయినా 2009లో కె12 తన వర్జీనియా బడిని పెట్టింది రాష్ట్రానికి నైరుతి మూలన, నార్త్ కరొలైనా సరిహద్దులో ఉన్న క్యారల్ కౌంటీ పేరు మీద. పేద కౌంటీలకు రాష్ట్రం తలకు ఎక్కువ సొమ్ము ఇస్తుంది. కాబట్టి ఫెయిర్‌ఫాక్స్‌లో తన ఇంట్లోనే కూర్చుని చదివే పిల్లాడు క్యారల్‌లో నమోదైతే, రాష్ట్రం వాడికి క్యారల్ రేటు కట్టింది. 2011లో వాషింగ్టన్ పోస్ట్ దీన్ని బయటపెట్టింది. చట్టం దృష్టిలో ఇది తప్పు కాదు. కానీ ఊరూ గదీ లేని బడికి ఊరిని బట్టి డబ్బు లెక్కగట్టడం ఎంత విడ్డూరమో చూడండి!

ఫలితాల మాటేమిటి? స్టాన్‌ఫర్డ్‌కు చెందిన క్రెడో సంస్థ 2015లో ఆన్‌లైన్ చార్టర్ బడుల పిల్లలను మామూలు బడుల పిల్లలతో పోల్చింది. చార్టర్ బడులంటే సర్కారు సొమ్ముతో, వేరే యాజమాన్యంతో నడిచేవి, దాదాపు మన ఎయిడెడ్ బడుల్లాంటివి. ఏడాదికి 180 పనిదినాల లెక్కన ఆన్‌లైన్ పిల్లలు చదవడంలో 72 రోజులు, లెక్కల్లో ఏకంగా 180 రోజులు వెనకబడ్డారు. ఇలాంటి బడులకు ముందే వెనకబడిన పిల్లలు, బడులు మారేవాళ్లు వస్తారు కదా, తప్పు బడిది ఎలా అవుతుందని కంపెనీల పక్షం వాదించింది. అందులో కొంత న్యాయం ఉంది. అయితే క్రెడో పోల్చింది పాత మార్కుల్లోనూ ఇంటి స్థితిగతుల్లోనూ సరిసమానంగా ఉన్న పిల్లలను. పైగా అదే పరిశోధనలో భాగంగా మాథమాటికా సంస్థ ఒక ముఖ్యమైన తేడాను పట్టుకుంది: మామూలు బడి పిల్లలకు ఒక్క రోజులో దొరికేంత టీచర్ సమయం ఈ పిల్లలకు వారమంతా కలిపినా దొరకడం లేదు. మిగిలిన భారం తల్లిదండ్రుల మీదే పడుతోంది.

ఇదంతా ఒక రకం కంపెనీ బడుల లోపమే, మంచి జీతాలిచ్చే సర్కారు బడి చేస్తే వేరుగా ఉంటుందని ఇంకొకరు అనవచ్చు. కరోనాతో బడులు మూతపడినప్పుడు, 2020లో, ఆ పరీక్ష ఫెయిర్‌ఫాక్స్‌లోనే జరిగిపోయింది. ఆ కౌంటీ హైస్కూలు పిల్లలందరి చేతికీ అంతకుముందు ఏడాదే ల్యాప్‌టాప్ వచ్చింది. ఏప్రిల్‌లో ఆన్‌లైన్ తరగతులు మొదలైన రోజున లాగిన్‌లు మొరాయించాయి, కానీ అవి సర్దుకునే సంగతులు. సర్దుకోనిది నవంబరులో కౌంటీ స్వయంగా వేసిన లెక్కలో తేలింది. మిడిల్, హైస్కూలు పిల్లల్లో రెండు, అంతకు మించిన సబ్జెక్టుల్లో ఫెయిలైనవాళ్లు 6 శాతం నుంచి 11 శాతానికి పెరిగారు. ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్లల్లో దెబ్బ మరీ ఎక్కువ. ముందునుంచీ బాగా చదివేవాళ్లు మాత్రం ఏమీ నష్టపోలేదు. యంత్రమూ టీచరూ అందరికీ ఒకటే అయినా ఫలితం ఒకటి కాలేదు. మూడో వంతు మంది లాటిన్ అమెరికా మూలాలున్న హెర్న్‌డన్ లాంటి ఊళ్లో తల్లిదండ్రులిద్దరూ పనికి వెళ్లే ఇల్లు, ఇంటి నుంచే పనిచేసే సాఫ్ట్‌వేర్ ఇల్లు పక్కపక్కనే ఉంటాయి. రెండో ఇంట్లో తెలుగువాళ్లూ ఉంటారు. ఆన్‌లైన్ చదువు మా పిల్లలకు బాగానే కుదిరిందే అని వాళ్లు అన్నప్పుడు, కుదిర్చిన మనిషి పక్క గదిలో ఉన్నాడన్న సంగతి మరచిపోకూడదు.

కె12 2020 చివర్లో స్ట్రైడ్ అని పేరు మార్చుకుంది, తర్వాత ఆఫీసును పక్కనున్న రెస్టన్‌కు తరలించింది. ఇక మన దగ్గరికి వస్తే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు 5.18 లక్షల ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. వాటిలో బైజూస్ పాఠాలున్నాయి. ఆ కంపెనీ 2024 జులైలో దివాలా ప్రక్రియలో పడింది. మన పిల్లలకు బడీ టీచరూ ఉన్నారు కాబట్టి మన పరిస్థితి కె12 పిల్లల కన్నా మెరుగే. అయినా ఏ ప్రభుత్వమైనా మళ్లీ ఇలాంటి ఒప్పందానికి సిద్ధమైతే, పరికరాల సంఖ్యతో పాటు సాయంత్రం ఆ తెర పక్కన కూర్చునే మనిషెవరో, ఆ గంటకు కూలి ఎంతో కూడా అందులో రాయమని మీ ఊరి బడి తల్లిదండ్రుల కమిటీలో అడగండి.