చదువునకు కట్టిన వెల

పరీక్షలో నెగ్గినచో గడియారము కొనిపెట్టుదునని కుమారునకు మాట యిచ్చు తండ్రులు మనలో పెక్కుమంది కలరు. ఈ గృహనీతినే అమెరికాలో పెద్దయెత్తున పరీక్షించి చూచిరి.

హార్వర్డు ఆర్థికశాస్త్రజ్ఞుడు రోలండ్ ఫ్రయర్ 2007 మొదలు 2009 వరకు నగరములందలి వెనుకబడిన పాఠశాలలలో నీ ప్రయత్నము జరిపెను. షికాగోలో తొమ్మిదవ తరగతివారికి 'ఏ' శ్రేణికి 50 డాలర్లు, 'బీ' శ్రేణికి 35, 'సీ' శ్రేణికి 20 నిర్ణయించి, అందు సగము వెంటనే యిచ్చి, తక్కిన సగము చదువు ముగించునాటికి నిలిపిరి. తరగతిమార్కులు కొంత పెరిగినను, సామాన్యపరీక్షలో జ్ఞానవృద్ధి కానరాలేదు. న్యూయార్కులో నాల్గవ, ఏడవ తరగతులవారికి పరీక్షాఫలమును బట్టి ధనమిచ్చిరి. అచ్చటను ప్రయోజనము శూన్యమే.

పిల్లలకు ధనమందాశ లేకపోలేదు. మార్కులు పెంచుకొనుటకు ఏమి చేయుదురని యడుగగా, న్యూయార్కు బాలురు ప్రశ్నలను శ్రద్ధగా చదువుదుమనిరి. పాఠము మరల చదువుదుమనిగాని, తెలియనిది ఉపాధ్యాయు నడుగుదుమనిగాని చెప్పరైరి. ఫలమునకు వెల కట్టినవారు దానికి పోవు త్రోవ చూపలేదు.

డల్లాసులో మాత్రము రెండవ తరగతి పిల్లలకు పుస్తకమొకటి చదివి చిన్న పరీక్షలో నెగ్గినచో 2 డాలర్లిచ్చిరి. ఇంగ్లీషున పరీక్ష వ్రాసినవారికి చదివినది గ్రహించు శక్తి కొంత పెరిగెను; స్పానిషున వ్రాసినవారికి ఆ మేలు కలుగలేదు.

వెనుకబడిన బిడ్డను సోమరియని తలచి రూపాయి చూపుటకు ముందు, ఏమి చదువవలెనో, ఎట్లు చదువవలెనో వానికి తెలియునా యని ప్రక్కన కూర్చుండి యడుగుట మన ధర్మము.