పీపాలపై పలక

ఉపద్రవము పాలైన యూరిలో మరల తొలుత తెరువవలసినది అంగడి యని నా యభిప్రాయము. దానికి దృష్టాంతముగా దూరదేశపు చరిత్ర యొకటి చెప్పెదను.

1906వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీ వేకువను అమెరికా పడమటి తీరమందలి సాన్‌ఫ్రాన్సిస్కో నగరము భూకంపముచే నదరెను. అంతకంటె, దాని వెనుక మూడుదినములు చెలరేగిన యగ్నియే యెక్కువ హాని చేసెను. సుమారు 28,000 కట్టడములు నశించెను.

గొప్ప బ్యాంకుల యినుపగదులు కాగి యెఱ్ఱబడెను. వెంటనే తెరచినచో గాలి సోకి లోపలి నోట్లు భగ్గుమనునని భయము. ధనముండియు చేతికి రాదు. అంగడి కాలుట యొకయెత్తు. మరల సరుకు దెచ్చుటకు పెట్టుబడి దొరకకుండుట యొకయెత్తు.

అమదెయో జియనీని పూర్వము కూరగాయల మండీ వర్తకుడు. ఇటలీనుండి వలసవచ్చిన బెస్తలకును చిల్లర వర్తకులకును 1904లో చిన్న బ్యాంకు పెట్టినవాడు. మంటలు రాకమునుపే సుమారు 80,000 డాలర్ల బంగారు వెండి నాణెములను బండి కెక్కించి, పైన నారింజపండ్ల పెట్టెలు పేర్చి, దొంగల కన్నుగప్పి తన యింటికి జేర్చెను. పిమ్మట రేవులో రెండు పీపాలపై పలక పరచి అప్పులీయసాగెను. ఇల్లు కాలినవానికి తాకట్టు పెట్టుట కేమున్నది? మనిషి యెరుకయే పూచీ. అడిగినదానిలో సగమే యిచ్చి, తక్కినది మీరే సమకూర్చుకొనుడనెను. ఇది పిసినితనమని కొంద రనవచ్చును. నాకు మాత్రము మండీవర్తకుని తెలివియే కనబడుచున్నది: ఇండ్లలో దాచిన నాణెములు బయటికి రావలెనుగదా! ఓడల సరంగుల కప్పిచ్చి ఉత్తరమునుండి కలప తెప్పించెను. ఇటాలియనుల పేటయగు నార్త్ బీచ్ నగరమున ముందుగా లేచినవానిలో నొకటి. ఆ చిన్న బ్యాంకే 1930లో బ్యాంక్ ఆఫ్ అమెరికా యను పేరు దాల్చెను.