ఫీల్డ్ స్ట్రీట్‌లో నాయుడి కొట్టు

దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరం నడిబొడ్డున ఉన్న జో స్లోవో వీధికి పాత పేరు ఫీల్డ్ స్ట్రీట్. బోర్డులు మారి చాలా ఏళ్లయినా ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ దాన్ని పాత పేరుతోనే పిలుస్తారు. 1861లో బాబూ నాయుడు ఆ వీధిలో కొట్టు తెరిచాడు. వంట దినుసులు, మనవాళ్లు ఇష్టపడే తినుబండారాలు అమ్మేవాడు. ఈ ఊళ్లో భారతీయుల అంగళ్ల చరిత్ర ఆ కొట్టుతోనే మొదలవుతుంది. నాయుడు అన్న పేరు మన తెలుగు నేలది. ఈ ఊరివాణ్ణయ్యాక ఆ వీధిలో నడిచినప్పుడల్లా నాకు ఆ కొట్టే గుర్తొస్తుంది.

అప్పటికి డర్బన్ చిన్న రేవు పట్టణం. 1843లో బ్రిటిష్ వాళ్లు ఈ ఊరున్న నేటాల్‌ను తమ వలస రాజ్యంలో కలుపుకున్నారు. 1860 జూన్‌లో రేవు నుంచి బజారు దాకా సుమారు రెండు మైళ్ల రైలు మార్గం వేశారు. ఊరి చుట్టూ చెరకు తోటలు పెరుగుతున్నాయి. సొంత భూమి, పశువులు ఉన్న జులూలు తోటల్లో ఏళ్ల తరబడి కూలికి కట్టుబడి ఉండటానికి ఇష్టపడలేదు. తోటల యజమానులు భారతదేశం వైపు చూశారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 342 మందితో ఈ రేవుకు చేరింది. 1911లో ఈ వలసలు ఆగేలోపు లక్షా యాభై వేలకు పైగా మనుషులు ఇలాగే వచ్చారు. వాళ్లలో ఉత్తర ఆర్కాటు, విశాఖపట్నం జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు.

ఒప్పందం అయిదేళ్లు. మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతం, ఆ తర్వాత ఏటా ఒక షిల్లింగు పెంపు. బియ్యం, పప్పు, ఉప్పు, ఎండుచేప, కాస్త నూనో నెయ్యో యజమాని కొలిచి ఇచ్చేవాడు. కడుపు నింపుకోవడానికి అది చాలేదేమో కానీ, అమ్మ చేతి పులుసు రుచి అందులో ఎక్కడిది? చీటీ లేకుండా తోట దాటితే శిక్ష తప్పని రోజులవి. అలాంటి రోజుల్లో సెలవు దొరికిన ఒక కూలీ పట్నానికి నడిచి వచ్చి, సొంత డబ్బుతో, తనకు నచ్చిన దినుసు, తనకు కావలసినంత కొనుక్కోవడం ఎంత పెద్ద సంగతి!

ఓడ పట్టికలో ప్రతి మనిషికీ ఒక అంకె వేశారు. దాని పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చలు రాశారు. ఒప్పందం సాగినన్నాళ్లూ ఆ అంకె అతని వెంటే ఉండేది. అంగడి ఖాతా పుస్తకం తీరు వేరు. అందులో ఫలానావాడు ఇంత తీసుకున్నాడు, ఇంత బాకీ ఉన్నాడు అని ఉంటుంది. అరువివ్వడమంటే ఆ మనిషి మాటను నమ్మడమే. ఒప్పందం ముగిసిన కూలీల్లో కొందరు కూరగాయలు పండించి గంపల్లో మోసుకెళ్లి అమ్మారు. కొందరు చిన్న అంగళ్లు పెట్టుకున్నారు.

1870లలో మరో రకం వ్యాపారులు వచ్చారు. పోర్‌బందర్ మేమన్ ముస్లిం అయిన అబూబకర్ అహ్మద్ ఝవేరీ మారిషస్ మీదుగా వచ్చి వెస్ట్ స్ట్రీట్‌లో దుకాణం తెరిచాడు. అతని వెనక గుజరాతీలు చాలామంది సొంత ఖర్చుతో ఓడెక్కారు. తెల్లవాళ్లు వాళ్లను అరబ్బులని పిలిచారు. పెద్ద వర్తకుడు చిన్న కొట్టువాడికి సరుకు అరువిచ్చేవాడు, చిన్న కొట్టువాడు తన ఖాతాదారులకు అరువిచ్చేవాడు. ముందు అంగడి, వెనక కాపురం. ఇంటిల్లిపాదీ పనిచేస్తే జీతగాళ్ల ఖర్చు ఉండదు, ధర తగ్గించి అమ్మవచ్చు. పల్లెల్లోకి వెళ్లినవాళ్లు జులూ మాటలు నేర్చుకుని, జులూ కుటుంబాలకు దుప్పట్లు, బట్టలు అమ్మారు.

ఈ వర్తకుల మీద తెల్ల వ్యాపారుల ఫిర్యాదులు 1885లో ఏర్పడిన రాగ్ కమిషన్ ముందుకు వెళ్లాయి. వీళ్ల పోటీ వల్ల 1883లో ఇరవై ఒక్క షిల్లింగులున్న బియ్యం బస్తా మరుసటి ఏడు పద్నాలుగుకు దిగిందనీ, అందువల్ల కొనేవాళ్లకు మేలే జరిగిందనీ కమిషన్ రాసింది. పాలకులు ఆ మాటను పట్టించుకోలేదు. ఒప్పందం తీరాక తిరిగి వెళ్లకుండా, మళ్లీ ఒప్పందానికీ కట్టుబడకుండా ఇక్కడే ఉండేవాళ్ల మీద ఏటా మూడు పౌన్ల పన్ను వేస్తూ 1895లో చట్టం చేశారు. అది మొదటి ఏడాది కూలీకి ఆరు నెలల జీతం! 1897లో వ్యాపార లైసెన్సుల చట్టం తెచ్చారు. లైసెన్సు ఇవ్వడం, మానడం పురపాలక అధికారి చేతిలో పెట్టారు. కాదంటే చెప్పుకోవాల్సింది మళ్లీ ఆ పురపాలక సంఘానికే, న్యాయస్థానానికి కాదు. అదే చట్టం ఖాతాలు ఇంగ్లీషులో ఉండాలని షరతు పెట్టింది. తన భాషలో లెక్క రాసుకునే చిన్న వర్తకుడు ఇంగ్లీషు గుమాస్తాను వెతుక్కోవాల్సి వచ్చింది.

చట్టం సరిగ్గా ఖాతా పుస్తకం మీదే ఎందుకు పడిందో నాకు ఆ కొట్లను తలుచుకుంటే అర్థమవుతుంది. ఆ రాజ్యానికి భారతీయుల చేతులు కావాలి, అవి అయిదేళ్లు చెరకు నరికితే చాలు. అంగడి పెట్టినవాడు మాత్రం ఊరివాడవుతాడు. నాలుగు వీధుల్లో పరిచయాలు పెంచుకుంటాడు, పిల్లల్ని బడికి పంపుతాడు, ఓడెక్కి వెళ్లిపొమ్మంటే ఎందుకు వెళ్లాలని అడుగుతాడు.

మూడు పౌన్ల పన్ను 1914లో రద్దయింది. 1931లో ఇక్కడి తెలుగువాళ్లు ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. తోటల్లోకి అంకెలుగా వచ్చినవాళ్ల బిడ్డలు తమ భాష పేరు మీద సంఘం కట్టుకునేంతగా ఈ ఊళ్లో నిలదొక్కుకున్నారు. వాళ్లు అలా నిలబడడానికి చోటిచ్చిన మొదటి గడపల్లో ఫీల్డ్ స్ట్రీట్‌లోని ఆ కొట్టు గడప ఒకటి.